పెట్టల మందలోకి కొత్త పుంజు

అధ్యక్షులకు, కోళ్లు పెంచుతున్న మిత్రులకు నమస్కారం. పిల్లలు చేయించడానికి గుడ్లను ఎంచుకోవడం గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. సభలోకి వస్తుండగా గుమ్మం దగ్గర ఒకరు, "నిన్న పుంజును తెచ్చానండీ, ఇవాళే పెట్టల్లో వదిలేయవచ్చు కదా?" అని అడిగారు. ఆ మాట విన్నాక రాసుకొచ్చిన కాగితాన్ని పక్కన పెట్టక తప్పలేదు, ఎందుకంటే సరిగ్గా ఆ పనే నేనొకసారి చేశాను.

అది అయిదు నెలల పుంజు. దాని కూత ఇంకా సగంలోనే తెగిపోయేది. రెండేళ్లు దాటిన తొమ్మిది పెట్టల మధ్య దానిని పట్టపగలు దింపి, ఎక్కడ పెట్టలను వేధిస్తుందోనని చేతిలో కర్రతో కాపలా నిలబడ్డాను. అన్నిటికన్నా ముసలి పెట్ట మెడ ఈకలు నిక్కించి దాని జుట్టు మీద ఒక్క పోటు పొడిచింది. నెత్తురు కనబడగానే మిగిలినవీ మీద పడ్డాయి. నేను తేరుకునేసరికి పుంజు నీళ్ల తొట్టికీ గోడకూ మధ్య సందులో తల దూర్చి, వీపును వాటికి అప్పగించి, కదలకుండా ఉంది. పిరికిదని దానినే తిట్టాను. నవ్వకండి, మీలో చాలామంది కూడా కర్ర పట్టుకునేది పెట్టల కోసమే.

కోళ్లలో ఏది దేనిని పొడవవచ్చునన్న వరుస ఒకటి ఉంటుందని నార్వే శాస్త్రవేత్త షెల్డెరుప్-ఎబ్బె 1922లో ప్రచురించిన పరిశీలనలో వివరించారు. ఎదిగిన పుంజు సాధారణంగా ఆ వరుసలో పెట్టలకు పైన నిలుస్తుంది. కుర్రపుంజు మాత్రం అట్టడుగున చేరి, ఒళ్లు పెరిగిన కొద్దీ ఒక్కొక్క మెట్టే ఎక్కవలసి ఉంటుంది.

అందుచేత ముందు మూడు నాలుగు వారాలు దానిని దూరంగా, వేరే గిన్నెలతో ఉంచి, తుమ్ములూ గురకా ఉన్నాయేమో వినాలి, తోక కింద ఈకల మొదళ్లలో పేలు ఉన్నాయేమో, కాళ్ల పొలుసులు పైకి లేచాయేమో చూడాలి. తరువాత వారం పాటు వల అడ్డం పెట్టి, ఒకదానినొకటి చూసుకోనివ్వాలి. ఆ పైన ఒక రాత్రి, పెట్టలు కునుకు తీస్తుండగా, పుంజును వాటి పక్కన దండెం మీదికి ఎక్కించి, తెల్లవారక ముందే మనం అక్కడికి చేరుకోవాలి. దాణా రెండు మూడు చోట్ల పెట్టాలి, తప్పించుకునే దారి లేని మూల ఒక్కటీ ఉండకూడదు. నా నీళ్ల తొట్టిని ఆ మర్నాడే గోడ నుంచి జరిపాను.

ఎనిమిది పది పెట్టలకు ఒక పుంజు సరిపోతుంది. పెట్టలు మరీ తక్కువైతే తొక్కుడుకు వాటి వీపుల మీద ఈకలు రాలిపోతాయి. పాత పుంజు బీజం పెట్ట కడుపులో రెండు మూడు వారాలు నిలిచి ఉంటుంది కనుక, కొత్త పుంజు పిల్లలే కావాలనుకునేవారు అంతవరకూ గుడ్లను పొదగవేయకూడదు. కాగితంలో ఉన్న విషయం ఇదొక్కటే చెప్పగలిగాను.

నా పుంజు నెల తరువాత, దొరికిన గింజను తాను మింగకుండా ముక్కుతో ఎత్తి పడేస్తూ పెట్టలను పిలిచింది. మొదట వచ్చి ఆ గింజ తిన్నది ఆ ముసలి పెట్టే.

గుమ్మం దగ్గర అడిగిన పెద్దమనిషి సభలోనే ఉన్నారనుకుంటాను. అయ్యా, మీ పుంజు ఇప్పుడు పెట్టల గూటి పక్కనే గంప కింద ఉంటే, ముందు వెళ్లి ఆ గంపను దూరంగా జరిపి రండి. మిగిలిన కాగితం మీరు వచ్చాక చదువుతాను.