గ్లిజరాల్ నీళ్లలో ప్రోటీన్ ఎంత చోటు తీసుకుంటుంది? డెన్సిటీ మీటర్ రివ్యూ

నమస్కారమండీ. ఇదిగో డెన్సిటీ మీటర్. లోపల యు ఆకారంలో వంచిన సన్నటి గాజు గొట్టం ఉంటుంది. ఒక మిల్లీలీటరు ద్రావణం ఎక్కిస్తే గొట్టాన్ని కంపింపజేస్తుంది. ద్రవం సాంద్రత పెరిగే కొద్దీ కంపనం నెమ్మదిస్తుంది. దాన్నిబట్టి మంచి మోడళ్లు సాంద్రతను ఆరో దశాంశం దాకా చూపిస్తాయి.

అంత సూక్ష్మం ఎందుకంటారా? లైసోజైమ్ అనే ప్రోటీన్ నీళ్లలో గ్రాముకు సుమారు 0.7 మిల్లీలీటర్ల చోటు తీసుకుంటుంది. మిల్లీలీటరుకు 5 మిల్లీగ్రాములు కలిపినా సాంద్రత పెరిగేది మిల్లీలీటరుకు దాదాపు 0.0015 గ్రాములు మాత్రమే. మన సమాచారమంతా ఆ కాస్తలోనే ఉంది.

నీళ్లలో గ్లిజరాల్ కలిపితే అసలు సంగతి మొదలవుతుంది. గ్లిజరాల్ ప్రోటీన్ దగ్గరికి చేరుతుందా, దూరం జరుగుతుందా? దీనికి అమెరికాలో బ్రాండైస్ యూనివర్సిటీలో సెర్జ్ టిమాషెఫ్ బృందం వాడిన పద్ధతి నాకు చాలా ఇష్టం. ఒకే ప్రోటీన్‌ని రెండు రకాలుగా కొలుస్తారు. ఒకసారి నేరుగా కలిపి, ఇంకోసారి డయాలిసిస్ సంచిలో, అంటే ప్రోటీన్‌ని ఆపి నీళ్లు, గ్లిజరాల్‌ని మాత్రం అటూ ఇటూ పోనిచ్చే సన్నటి పొర సంచిలో, పోసి బయటి ద్రావణంతో సమతౌల్యం వచ్చాక. రెండోసారి ఘనపరిమాణం ఎక్కువగా కనిపించిందనుకోండి, బరువైన గ్లిజరాల్ తప్పుకుని ప్రోటీన్ చుట్టూ నీళ్లు చేరాయన్నమాట. గ్లిజరాల్‌తో జరిగేది ఇదేనని 1981లో వాళ్లు చూపించారు. ప్రోటీన్ విప్పుకుంటే గ్లిజరాల్ తప్పుకోవాల్సిన చోటు ఇంకా పెరుగుతుంది, అందుకే అది ముడుచుకునే నిలకడగా ఉంటుంది. ఫ్రీజర్‌లో ఎంజైమ్ సీసాల్లో మనం గ్లిజరాల్ ఎందుకు పోస్తామో అక్కడే అర్థమవుతుంది. ప్రోటీన్‌ని విప్పేసే రసాయనం గ్వానిడిన్ హైడ్రోక్లోరైడ్ అయితే ప్రోటీన్‌ని అంటిపెట్టుకుంటుంది. అప్పుడు ఘనపరిమాణం తగ్గినట్టు కనిపిస్తుంది.

ఇబ్బంది ఏంటో చూపిస్తాను, కెమెరా దగ్గరికి తెస్తున్నాను. గొట్టం వంపులో చూడండి, ఆవగింజలో సగం కూడా లేని బుడగ. గ్లిజరాల్ చిక్కగా ఉంటుంది కదా, సిరంజి కాస్త గట్టిగా నొక్కితే చాలు, ఇది వచ్చి కూర్చుంటుంది. దీనివల్ల నాకు ఒక పూట రీడింగులన్నీ పోయాయి. ఇప్పుడు లైటు వేసి గొట్టం మొత్తం చూశాకే స్టార్ట్ నొక్కుతాను.

బుడగ కనీసం కంటికి కనిపిస్తుంది. అసలు టెన్షన్ ప్రోటీన్ గాఢతతోనే. గాఢత ఒక్క శాతం తప్పితే ఘనపరిమాణంలో గ్రాముకు దాదాపు 0.003 మిల్లీలీటర్లు తేడా వస్తుంది. మనం వెతికే తేడా దానికి కొన్ని రెట్లే ఉంటుంది. మీటర్ ఎంత ఖరీదైనదైనా ఈ తప్పును సరిచేయలేదు. గ్లిజరాల్ ప్రోటీన్‌లో ఏ మూల నుంచి తప్పుకుందో కూడా ఇది చెప్పదు, మొత్తం మీద సగటే ఇస్తుంది.

అయినా ప్రోటీన్ నిలకడ మీద పనిచేసేవాళ్లంతా ఇది నేర్చుకోవాలని నా కోరిక. మొదలుపెట్టేవాళ్లు ఒక్కటి గుర్తుపెట్టుకోండి: డయాలిసిస్ చేసిన శాంపిల్‌కి బ్లాంక్‌గా, అంటే పోల్చడానికి కొలిచే ప్రోటీన్ లేని ద్రవంగా, ముందు తయారుచేసిన బఫర్ ద్రావణం వాడకండి, సంచి బయట మిగిలిన ద్రవాన్నే వాడండి.