మద్రాసు రుమాలు: మగ్గం దిగిన తరవాత

సభకు నమస్కారం.

మద్రాసు రుమాలు అంటే మనవైపు నేసిన గళ్ళ నూలు బట్ట. దాని గురించి మనవైపు మాట్లాడితే నూలు దగ్గర మొదలుపెట్టి ఎగుమతి దగ్గర ఆపేస్తాం. చీరాల పరిసరాల మగ్గాల మీద నేశారు, ఓడెక్కించారు, అంతే. నా దృష్టిలో ఆ బట్ట ఓడ దిగాక కూడా ఇంకా తయారవుతూనే ఉంది. చివరి పనితనం నైజీరియాలో కలబరి అనే జాతి స్త్రీలది, కరీబియన్ దీవుల్లో ఆఫ్రికా సంతతి స్త్రీలది. వాళ్ళ పేరు చాలాచోట్ల రాయకపోవడం పెద్ద అన్యాయం.

ఆ బట్ట ఏ దారిన వెళ్ళిందో ముందు చెప్పుకోవాలి. 1700లో ఇంగ్లండ్ పార్లమెంటు మన రంగు బట్టలను అక్కడ వాడకుండా చట్టం చేసింది, బయటి దేశాలకు పంపడానికి మాత్రం అడ్డుచెప్పలేదు. దాంతో కోరమాండల్, అంటే మన తూర్పు తీరం బట్ట లండన్ గోదాముల మీదుగా పశ్చిమ ఆఫ్రికాకు పోయింది. అక్కడ దాన్ని ఇచ్చి మనుషుల్ని బానిసలుగా కొన్నారు. నైజర్ డెల్టాలోని కలబరి రేవు కూడా ఆ వ్యాపారంలో భాగమే, పామాయిల్ వ్యాపారం తరవాత వచ్చింది. ఈ మాట దాటేసి అందం గురించి మాట్లాడకూడదు.

ఇక బట్ట సంగతి. రుమాలు 36 అంగుళాల చదరం. విడివిడిగా నేయరు. ఎనిమిది రుమాళ్ళు వరసగా, ఎనిమిది గజాల తానుగా దిగుతుంది. ముందే రంగువేసిన నూలుతో పడుగూ పేకా, అంటే నిలువు దారాలూ అడ్డ దారాలూ, రెండింటా చారలు వేస్తారు కాబట్టి గళ్ళు పడతాయి. కలబరివాళ్ళు దీన్ని ఇంజిరి అంటారు. దాని మీద వాళ్ళు చేసే పని పేరు పెలెటె బిటె, అంటే దారాలు కోసిన బట్ట.

పని ఇలా సాగుతుంది. ఏ గడిలో ఏ దారం తీయాలో ముందే మనసులో లెక్క ఉండాలి. సూదిమొనతో ఒక్క దారాన్ని పైకి లేపుతారు. బ్లేడుతో తెంపుతారు. ఆ ముక్కను లాగేస్తారు. మామూలుగా లేతరంగు దారాలే తీస్తారు. ముదురువి మిగులుతాయి. కాసేపటికి గడి ఆకారం మారిపోయి, నేతలో లేని కొత్త నమూనా పైకొస్తుంది. బట్ట పలచబడి మెత్తగా వలలా అవుతుంది. సూదికి పక్క దారం కూడా చిక్కితే బ్లేడు రెంటినీ తెంపుతుంది. ఒకేచోట పడుగూ పేకా రెండూ ఎక్కువగా పోతే పట్టు లేక చిల్లు పడుతుంది. తెగిన దారాన్ని మళ్ళీ అతకలేం.

అద్దకం గళ్ళ బట్ట మీద ఈ పని కుదరదు. అక్కడ ఒకే దారం మీద రెండు మూడు రంగులుంటాయి, రంగును బట్టి దారం ఏరడం సాధ్యం కాదు. నూలుకే రంగుపట్టిన మగ్గం బట్ట కావాలి. అందుకే ఈ కళకు మన నేత ఆధారం. స్త్రీలు దీన్ని నడుముకు చుట్టుకుంటారు. పెద్దలు పోయినప్పుడు భౌతికకాయాన్ని ఉంచే మంచాన్ని ఇంజిరితో అలంకరిస్తారు.

అట్లాంటిక్ అవతల ఇదే గళ్ళ రుమాలు తలకెక్కింది. 1786లో ఉత్తర అమెరికాలోని లూసియానా గవర్నర్ మీరో, బానిసలు కాని నల్లజాతి స్త్రీలు జుట్టు కప్పుకోవాలని ఆజ్ఞ వేశాడు. తక్కువ చేయడానికి పెట్టిన గుడ్డను వాళ్ళు ఖరీదైన తలపాగాలుగా కట్టి చూపించారు. కరీబియన్ దీవి మార్టినిక్‌లో ఇంకో అడుగు ముందుకేశారు. గళ్ళలోని లేత చారల మీద పసుపుపచ్చ రంగును తుమ్మబంకతో కలిపి కుంచెతో పూసేవారు. బంక వల్ల బట్ట బిరుసెక్కి మడత నిలబడుతుంది. ఉతికితే రంగు, బిరుసు రెండూ పోతాయి. ఈ పూత పనికి ప్రత్యేకంగా స్త్రీలుండేవారు. పక్క దీవి సెయింట్ లూసియాలో తలపాగా కొసలకు కూడా లెక్కుంది: ఒక కొస ఉంటే పెళ్ళికానిది, రెండుంటే పెళ్ళయినది అని చెబుతారు.

టెక్స్‌టైల్ విద్యార్థులకు ఒక మాట. మ్యూజియంలో ఇలాంటి బట్ట కనిపిస్తే ముందు నమూనా అంచుల్ని భూతద్దంతో చూడండి. తెగిన దారాల పొట్టి కొసలు నూగులా కనిపిస్తే అది కలబరి పని. అప్పుడు మీ రికార్డులో "భారతీయ ఎగుమతి వస్త్రం" అని ఒక్క వరసతో సరిపెట్టకండి. నేసిన చోటు ఒక వరసలో, దారాలు కోసిన చోటు ఇంకో వరసలో రాయండి.