సుత్తి, కలాపోసన, వేలాడే కోడి

అందరికీ నమస్కారం. సినిమాలోని మాట జనం నోట ఎలా పడుతుందో, అలాంటి మాట ఎలా రాయాలో ఈసారి చూద్దాం.

ఈ వారంలో మీరు ఎవరినో ఒకరిని ‘సుత్తి కొట్టకు’ అనే ఉంటారు. సుత్తి కమ్మరి పనిముట్టు. తల తినే వాగుడికి అది పేరుగా ఊరూరా పాకింది మాత్రం 1982లో జంధ్యాల తీసిన ‘నాలుగు స్తంభాలాట’తో. అందులో వాయించేవాడూ భరించేవాడూగా జంట కట్టిన వీరభద్రరావు, వేలు ఇద్దరికీ సుత్తే ఇంటిపేరైపోయింది.

అప్పటికే మనకు ‘సోది’ ఉంది కదా, మళ్లీ ఇదెందుకు? సోది చెప్పేవాడి వైపు మాట. సుత్తి వినేవాడి నెత్తి వైపు మాట. దెబ్బ మీద దెబ్బ పడుతున్న బాధ అందులో ఉంది. పైగా డబ్బా కొట్టడం, బాతాఖానీ కొట్టడం మనకు అలవాటే కాబట్టి సుత్తి కొట్టడం ఆ వరసలో ఇట్టే ఇమిడింది. సుత్తిగాడు, సుత్తి సినిమా, ఒకటే సుత్తి... ఎటు తిప్పితే అటు తిరిగింది. సినిమా పేరే వినని పిల్లలు కూడా వాడుతున్నారంటే అదీ జనంలో పడ్డ మాట!

‘ముత్యాల ముగ్గు’ (1975) దారి వేరు. ‘మడిసన్నాక కూసింత కలాపోసన ఉండాల’ అన్న ముళ్లపూడి వారి మాటలో రావు గోపాలరావు గొంతు ఇప్పటికీ వినిపిస్తుంది. ‘మనిషన్నాక కొంచెం కళాపోషణ ఉండాలి’ అని దిద్ది చూడండి, సన్మానపత్రంలా ఉంటుంది. మీమ్ చేసేవాళ్లు అచ్చుతప్పనుకుని ‘ళ’, ‘ష’ పెట్టేస్తారు. దయచేసి పెట్టకండి, ప్రాణమంతా ఆ పలుకులోనే ఉంది.

కొన్నిసార్లు మాట కన్నా బొమ్మే మిగులుతుంది. ‘అహ నా పెళ్ళంట’ (1987)లో పిసినారి లక్ష్మీపతిగా కోట శ్రీనివాసరావు వేలాడదీసిన కోడిని చూస్తూ ఉత్తన్నం తింటాడు. ఆ ఒక్క దృశ్యం చెబితే చాలు, ఎదుటివాడి పిసినారితనం వివరించక్కర్లేదు.

ఇలా జనంలో పడే మాట సినిమాకు రాయాలనుకునేవాళ్లు ఎక్కువగా తప్పేది ప్రాస దగ్గర. రెండు వాక్యాల పంచ్‌కు హాల్లో చప్పట్లు పడతాయి, బజార్లో వాడే చోటు దొరకదు. మూడు నాలుగు మాటలు చాలు. కథలోని పేర్లు అందులో ఉండకూడదు. ఒకే సన్నివేశంలో పదిసార్లు అనిపించకండి, వెగటు పుడుతుంది. మూడు వేర్వేరు సందర్భాల్లో వాడండి. మూడోసారి ఆ మాటను దాని సొంతదారుకే ఇంకో పాత్ర అప్పజెప్పాలి. మన నోట కూడా పలుకుతుందని ప్రేక్షకుడికి తెలిసేది అప్పుడే.