అరగవలసింది ఏది?

సభకు నమస్కారం. అధ్యక్షులవారు నాకు ఇరవై నిమిషాలు ఇచ్చి, అందులో ఐదు నిమిషాలు నన్ను పొగడడానికే వాడుకున్నారు. మిగతా మర్యాదలు భోజనాల దగ్గర చూసుకుందాం. కార్యక్రమ పత్రంలో నా అంశం ‘పాత కార్ల సంరక్షణ’ అని అచ్చయింది. నేను మాట్లాడేది మాత్రం గుప్పిట్లో పట్టే ఒక గేరు గురించి.

పాత షెవర్లే వీ8 ఇంజిన్లు విప్పి బిగించే పిచ్చి ఉన్నవాళ్లు చేతులెత్తండి. ఆరుగురు. మీ ఇంట్లోవాళ్లకు నా సానుభూతి.

ఆ ఇంజిన్‌లో కవాటాలను తెరిచే క్యామ్‌షాఫ్ట్ పడుకుని తిరుగుతుంది, స్పార్క్ ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ నిలబడి తిరుగుతుంది. రెండింటినీ కలిపేవి ఏటవాలు పళ్లు. ఇలా అడ్డంగా కలిసే గేర్లలో పళ్లు ఒకదానిమీద ఒకటి జారుతుంటాయి, ఆనుకునేది చుక్కంత చోటే. నేను చెప్పే గేరు డిస్ట్రిబ్యూటర్ అడుగున ఉండేది. పైగా అది కింద ఉన్న ఆయిల్ పంపును కూడా తిప్పాలి. మిషిగన్ చలిలో, తెల్లవారుజామున, నూనె తేనెలా చిక్కబడి పంపు మొరాయిస్తే ఆ భారమంతా ఈ పళ్ల మీదే.

1955లో ఈ చిన్న వీ8 వచ్చినప్పుడు గొడవ లేదు. క్యామ్ పోత ఇనుము, గేరూ పోత ఇనుమే. పోత ఇనుములో గ్రాఫైటు ఉంటుంది కనుక రాపిడిని కొంత తానే సర్దుకుంటుంది. తర్వాత రోలర్ లిఫ్టర్లు, అంటే క్యామ్ మీద చక్రాలతో దొర్లుతూ కవాటాలను కదిలించేవి, వచ్చాయి. 1987 నుంచి కంపెనీయే వాటిని ఈ ఇంజిన్లలో బిగించింది. ఇక విడిగా కొనే పందెపు క్యామ్‌లలో చాలావాటిని బిల్లెట్ అనే ఉక్కు కడ్డీ నుంచి చెక్కుతారు. నా కష్టాలు అక్కడ మొదలయ్యాయి.

అంగడి పేరు చెప్పను. అలాంటి బిల్లెట్ ఉక్కు క్యామ్ ఒకటి కొన్నాను. కౌంటరులోని అబ్బాయి లిఫ్టర్లు అమ్మాడు, స్ప్రింగులు అమ్మాడు, అంగడి బొమ్మ ఉన్న టోపీ కూడా అమ్మాడు. గేరు సంగతి ఎత్తలేదు. నేనూ అడగలేదు. లోహశాస్త్రంలో పట్టా ఉన్నవాణ్ణి, అడగడమేమిటి? పాత పోత ఇనుము గేరుతోనే బిగించేశాను.

ఆగస్టులో వుడ్‌వర్డ్ అవెన్యూ మీద పాత కార్ల ఊరేగింపు, డ్రీమ్ క్రూజ్, జరుగుతుంది, 1995 నుంచి జరుగుతోంది, మీకు తెలుసు. ఇంజిన్ బిగించి నాలుగు వందల మైళ్లు కూడా కాలేదు. నడిరోడ్డు మీద, వెనక అంతమంది చూస్తుండగా, కార్బురేటర్‌లోంచి రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. మా ఆవిడ ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

ఇంటికి లాగించి డిస్ట్రిబ్యూటర్ పైకి తీశాను. పళ్లు చాకు అంచులా పలచబడి ఉన్నాయి, రెండు చోట్ల అసలు లేవు. వారం ముందు, స్పార్కు సరైన సమయానికి పడుతోందో చూసే టైమింగ్ లైటులో గుర్తు కుదురుగా నిలవక ముందుకూ వెనక్కూ ఎగిరింది. అప్పుడే అర్థం కావలసింది. నూనె వదిలే డ్రెయిన్ ప్లగ్‌కున్న అయస్కాంతం నిండా బూడిదరంగు ముద్ద. ఆ పొడి నూనెతో పాటు బేరింగుల దాకా వెళ్లింది. క్యామ్ గేరు కూడా గీతలు పడింది కనుక కొత్త గేరు వేసినా లాభం లేదు. క్యామ్ మార్చాను, ఇంజిన్ మొత్తం విప్పాను.

ఇక్కడ మా నాన్నగారి మాట చెప్పకుండా ఉండలేను. విజయవాడ ఆటోనగర్‌లో లేతు మీద పనిచేసేవారు. ఉక్కు షాఫ్టు చుట్టూ తొడిగే కంచు బుష్‌ను ఆయన చెక్కుతుంటే నేను పక్కన నిలబడి ఆ పసుపుపచ్చ చుట్టలు ఏరుకునేవాణ్ణి. ‘షాఫ్టు ఖరీదురా, బుష్ చవక. అరిగేది బుష్ కావాలి’ అనేవారు. నాకప్పుడు పదేళ్లు. ఆ మాట నలభై ఏళ్ల తర్వాత, మిషిగన్‌లో, ఇంజిన్ పాడయ్యాక గుర్తొచ్చింది.

అధ్యక్షులవారు గడియారం చూపిస్తున్నారు. గబగబా చెబుతాను. పోత ఇనుము క్యామ్‌కు పోత ఇనుము గేరు. కంపెనీ రోలర్ క్యామ్‌లకు నైట్రైడింగ్‌తో పైపొర గట్టిపరచిన ఉక్కు గేరు, బజారులో మెలోనైజ్డ్ అంటారు. బిల్లెట్ ఉక్కుకు కంచు. అది అరుగుతుంది, అరగడానికే వేస్తాం, అప్పుడప్పుడు తీసి చూసి మార్చాలి. కంచు అయస్కాంతానికి అంటదు కనుక నూనె మార్చేటప్పుడు బంగారు నలుసుల కోసం కంటితో చూడండి. కార్బన్ కలిపిన పాలిమర్ గేరు దేనితోనైనా సర్దుకుంటుంది, ధర మాత్రం చురుక్కుమంటుంది. కొన్ని బిల్లెట్ క్యామ్‌లకు వెనక పోత ఇనుము గేరును విడిగా దిగ్గొట్టి ఇస్తారు, అప్పుడు కంచు అక్కర్లేదు. అందుకే పెట్టెలోని క్యామ్ కాగితం పారేయకండి, ఏ గేరు వేయాలో చాలావరకు అందులోనే ఉంటుంది. అవసరం లేకుండా పెద్ద ఆయిల్ పంపు కూడా వేయకండి, మీ ఆరుగురిలో ఎవరో ఇప్పటికే వేసి ఉంటారు.

ఆ అరిగిన గేరును ఈ పళ్లెంలో తెచ్చాను. ముందు వరుస నుంచి పంపిస్తున్నాను. అంచులు కోసుకుంటాయి, పిల్లలకు ఇవ్వకండి. పళ్లెం మాత్రం తిరిగి నా దగ్గరకు రావాలి. పోయిన సంవత్సరం తెచ్చిన గేరు వచ్చింది, పళ్లెం రాలేదు.