మొక్కజొన్న కవరు, టీ బంకు గొడవ, రెండో ఆర్డరు

అందరికీ నమస్కారం. ఈరోజు చార్టులు లేవు, టార్గెట్ ధర లేదు. మట్టిలో కలిసిపోయే కవర్ల వ్యాపారంలో ఉన్న ఒక చిన్న కంపెనీ షేరు ఉంచాలా, అమ్మాలా అని మా తిరుపతిలో ఒక టీ బంకు దగ్గర మూడు నెలలుగా నడుస్తున్న గొడవ గురించి మాట్లాడతాను. ఆ గొడవలో నేనూ ఉన్నాను కాబట్టి ముందే చెప్పేస్తా. ఆ కంపెనీవి నా దగ్గర మూడు వందల షేర్లు ఉన్నాయి, ప్రస్తుతం నష్టంలోనే ఉన్నాను. కంపెనీ పేరు మాత్రం చెప్పను. నేను షేర్ మార్కెట్‌ని నియంత్రించే సెబీలో రిజిస్టర్ అయిన సలహాదారుని కాను. పేరు చెబితే రేపు పొద్దున మీలో పది మంది కొంటారు, ఇరవై మంది అమ్ముతారు, తిట్లు నాకు పడతాయి.

యూనివర్సిటీ గ్రౌండులో పొద్దున్నే నడిచేవాళ్ళం ఆరుగురం. నడక ముప్పావు గంట, ఆ తర్వాత టీ, షేర్ల కబుర్లు గంటన్నర. మాలో ఒకాయన బ్యాంకులో రిటైరైన సార్. ఇంకొకతను మెడికల్ రెప్, మా అందరికీ తమ్ముడు. భవానీ నగర్‌లో మెస్ నడిపే అన్న ఉన్నాడు. మేమంతా కొన్నది ఒకటే కంపెనీ. మట్టిలో కలిసిపోయే కవర్లకి, పార్సిల్ డబ్బాలకి కావలసిన గ్రాన్యూల్స్, అంటే ముడి గుళికలు, తయారుచేసే చిన్న లిస్టెడ్ కంపెనీ అది. ఏదో పెద్ద ఆహార సంస్థతో ఎంఓయూ, అంటే ప్రాథమిక అవగాహన ఒప్పందం, కుదిరిందని ఒకరోజు ప్రకటన వచ్చింది. రెండు రోజులు అప్పర్ సర్క్యూట్, అంటే ఒక్కరోజులో పెరగడానికి ఉన్న గరిష్ఠ హద్దును షేరు తాకింది. మూడో రోజు మేం కొన్నాం. మనం ఎప్పుడూ మూడో రోజే కదా కొనేది.

ఆ తర్వాత ఆరు నెలలు ఆ ఎంఓయూ ఊసే లేదు. షేరు మెల్లగా జారుతూ వచ్చింది. అప్పుడు మొదలైంది గొడవ.

తమ్ముడు వాదన ఇది. "అన్నా, కొండ మీద చూడు. లడ్డూ కవరు ఏందది? మొక్కజొన్న పిండితో చేసిందే కదా. స్వామి దగ్గరే నడుస్తా ఉంటే ఇంకెక్కడ నడవదు?"

అతను చెప్పింది తప్పేం కాదు. 2021 ఆగస్టులో తిరుమలలో ఆ కవర్ల కోసం ప్రత్యేకంగా ఒక కౌంటరు తెరిచారు. రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓకి అప్పటి ఛైర్మన్ సతీష్ రెడ్డి గారు వచ్చి ప్రారంభించారు. ఆ కవరు తయారీ పద్ధతి హైదరాబాద్‌లోని డీఆర్‌డీఓ ప్రయోగశాలలో పుట్టింది. మూడు నెలల్లో కుళ్ళిపోతుందని అప్పుడు చెప్పారు. లడ్డూ అంటే నెయ్యి. నెయ్యి కారే లడ్డూని పేపరు సంచిలో వేస్తే బస్‌స్టాండు చేరేలోపు అడుగు ఊడుతుంది. కాబట్టి ఇది బొమ్మ సరుకు కాదు, పని చేసే సరుకే. అందులో నాకు అనుమానం లేదు.

అయితే దాంట్లోనే ఒక మెలిక ఉంది. ఆ టెక్నాలజీ ప్రభుత్వ సంస్థది. ఒక్క కంపెనీకే రాసిచ్చింది కాదు, చాలామంది తయారీదారుల చేతికి వెళ్ళింది. కొండ మీద కవరు బాగుంటే మన కంపెనీ షేరు పెరగాలని ఎక్కడుంది? పక్కింటి ఆవు పాలిస్తే మన ఇంట్లో పెరుగు తోడుకోదు కదా. మన కంపెనీ చేతిలో వేరే వాళ్ళ దగ్గర లేనిది ఏముంది అని బ్యాంకు సార్ అడిగారు. తమ్ముడు పేటెంటు అన్నాడు. ఏ పేటెంటు, మంజూరైందా, దరఖాస్తు దశలోనే ఉందా అంటే టీ చల్లారిపోతోందన్నాడు.

ఇక రెండో వాదన చట్టం. మెస్ అన్న ఎప్పుడూ ఇదే పట్టుకుంటాడు. "గవర్నమెంటే ప్లాస్టిక్ వద్దనింది గదా సామీ, ఇంగ వీళ్ళది కొనక ఏం జేస్తారు?"

నిజమే, 2022 జూలై 1 నుంచి దేశమంతా ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, కప్పులు, స్పూన్లు, స్ట్రాలు, స్వీట్ బాక్సుల మీద చుట్టే పల్చటి ఫిల్ము లాంటివి నిషేధం. క్యారీ బ్యాగు మందం 2021 సెప్టెంబరు 30 నుంచి కనీసం 75 మైక్రాన్లు, 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్లు ఉండాలన్నారు. కంపోస్టబుల్ కవర్లకి, అంటే కంపోస్టు ఎరువుతో పాటు కుళ్ళిపోయే వాటికి, మాత్రం ఆ మందం లెక్క వర్తించదు. వాటికి ఐఎస్ 17088 ప్రమాణం, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సర్టిఫికెట్ ఉంటే చాలు. కాగితం మీద చూస్తే ఈ కంపెనీలకి రెడ్ కార్పెట్ పరిచినట్టే.

నేను కాగితం పక్కన పెట్టి బజారుకి వెళ్ళాను. గాంధీ రోడ్డు వైపు నాకు తెలిసిన హోల్‌సేల్ కవర్ల అంగడి ఒకటుంది. ఆయన ముప్పై ఏళ్ళుగా కవర్లు, కప్పులు, విస్తళ్ళు అమ్ముతున్నాడు. నేను కంపోస్టబుల్ అనగానే నవ్వి, పైన అటక మీద నుంచి ఒక కట్ట దించమన్నాడు కుర్రాడిని. దుమ్ము దులిపి ఒక కవరు తీసి నా చేతిలో పెట్టాడు. చూడ్డానికి బాగుంది, పట్టుకుంటే కాస్త మెత్తగా, పిండి రాసినట్టుంది. రెండు వైపులా పట్టుకుని లాగమన్నాడు. లాగాను. తడిసిన పేపరులా చిరిగిపోయింది.

"పోయినేడాది ఎండాకాలం ముందు తెప్పించింది సామీ ఇది. వచ్చిన కొత్తలో బ్రహ్మాండంగా ఉండేది. మన తిరుపతి ఎండకి అటక మీద ఉడికిపోయింది. మట్టిలో పెడితే కుళ్ళేది అంగట్లో పెడితే కుళ్ళదా?"

ఆ ఒక్క మాటకి నేను ఇన్నాళ్ళు చదివిన ఇన్వెస్టర్ ప్రెజెంటేషన్లు అన్నీ కిందపడ్డాయి. ఇలాంటి సరుకుకి అట్టిపెట్టుకునే గడువు ఉంటుంది. కొన్ని నెలల్లో అమ్మేయాలి, చల్లగా, పొడిగా దాచాలి. మామూలు కవరు రెండేళ్ళు మూల పడేసినా ఏమీ కాదు. పైగా ధర. ఒక్కో కవరు మీద రెండు రెట్లు, ఒక్కోసారి మూడు రెట్లు ఎక్కువ పడుతుందని ఆయన లెక్క. ఇడ్లీ పార్సిల్ మీద మెస్ వాడికి మిగిలేదే కొంచెం. మా మెస్ అన్నని అదే అడిగాను, నువ్వు నీ మెస్‌లో ఏం కవరు వాడుతున్నావన్నా అని. కొంచెం సేపు మాట్లాడలేదు. తర్వాత, అరటాకు, పేపరు అన్నాడు. షేరు కొన్నాడు గానీ సరుకు కొనలేదు.

ఇక్కడే నాకో విషయం తట్టింది. మొదటి ఆర్డరు ఎవరైనా ఇస్తారు. అధికారులు తనిఖీకి వస్తారన్న భయంతో ఇస్తారు, ఫొటో కోసం ఇస్తారు, ట్రయల్ కోసం ఇస్తారు. రెండో ఆర్డరు ఎవరిస్తున్నారు? ఈ అంగడాయన మొదటిది ఇచ్చాడు, రెండోది ఇవ్వలేదు. కంపెనీ ప్రకటనలో మనకి కనిపించేది ఎప్పుడూ మొదటి ఆర్డరే.

ఆయన ఇంకో మాట కూడా అన్నాడు. "పెట్టిన డబ్బు ఎన్నో రెట్లయ్యే షేరుని మల్టీబ్యాగర్ అంటారే, అంటే ఎక్కువ బ్యాగులు అమ్మే కంపెనీ అనుకున్నా నేను."

సరే, ఇప్పుడు పేర్ల గందరగోళం కాస్త తేల్చుకుందాం, ఎందుకంటే డబ్బులు పోయేది ఇక్కడే. బయోడీగ్రేడబుల్, కంపోస్టబుల్ ఒకటి కాదు. బయోడీగ్రేడబుల్ అంటే సూక్ష్మజీవుల వల్ల ఎప్పటికో కుళ్ళేది. కంపోస్టబుల్ అని ముద్ర వేయాలంటే కంపోస్టు చేసే వేడిలో, అంటే సుమారు 58 డిగ్రీల దగ్గర, 180 రోజుల్లో 90 శాతం కుళ్ళినట్టు పరీక్షలో తేలాలి. మన ఇంటి ముందు కుండీలో 58 డిగ్రీలు ఎక్కడివి? నేను ఆ అంగడి కవరునే సగం కత్తిరించి మిద్దె మీద గులాబీ కుండీలో పాతిపెట్టాను. రెండు నెలలకి తీస్తే చిల్లులు పడ్డాయి, అంచులు ఊడాయి, కానీ దాని మీద అచ్చు ఇంకా చదవొచ్చు. మోసం అనను. అది కుండీ కోసం చేసింది కాదు, కంపోస్టు ప్లాంటు కోసం చేసింది. మరి ఊళ్ళో ఆ కవరు తూకివాకంలోని చెత్త ప్లాంటుకి తడి చెత్తతో పాటు వెళ్ళాలి. వెళ్తుందా? అక్కడ చెత్త వేరు చేసే మనిషికి ఇది మొక్కజొన్నదో, మామూలు ప్లాస్టిక్కో చేత్తో చూస్తే తెలియదు. ప్లాస్టిక్ కుప్పలోకి విసిరేస్తుంది. ఆమె తప్పేముంది?

ఇక మూడో రకం ఉంది. మామూలు ప్లాస్టిక్‌లోనే ఒక మందు కలిపి త్వరగా ముక్కలయ్యేలా చేసేది. దాన్ని ఆక్సో రకం అంటారు. లండన్‌లో లిస్టయిన సింఫనీ ఎన్విరాన్‌మెంటల్ అనే చిన్న కంపెనీ ఇలాంటి మందే అమ్ముతుంది. యూరోపియన్ యూనియన్ 2021 జూలై నుంచి ఆక్సో ప్లాస్టిక్ వస్తువుల్ని నిషేధించింది. మా సరుకు వేరు, మాది నిజంగా కుళ్ళుతుంది అని ఆ కంపెనీ కోర్టుకి వెళ్ళింది. 2024 జనవరిలో కోర్టు ఆ కేసు కొట్టేసింది. ఇందులో సైన్సు ఎవరిదనేది నేను తేల్చలేను. కానీ చట్టంలో ఒక్క పదం మారితే ఇన్వెస్టర్‌కి నిద్ర పట్టదని మాత్రం తెలుస్తోంది. మన దేశంలోనూ 2024 మార్చిలో నిబంధనలు సవరించి, బయోడీగ్రేడబుల్ అనాలంటే మైక్రోప్లాస్టిక్, అంటే సన్నటి ప్లాస్టిక్ ముక్కలు, అస్సలు మిగలకూడదన్నారు. మన కంపెనీ వెబ్‌సైటులో ఏ పదం ఎక్కువసార్లు ఉందో చూశారా? నేను చూశాను. బయోడీగ్రేడబుల్.

తమ్ముడు ఊరుకోలేదు. అమెరికాలో ఇలాంటివి ఆకాశానికి వెళ్ళాయి అన్నాడు. వెళ్ళాయి. డానిమర్ సైంటిఫిక్ అని జార్జియాలో ఒక కంపెనీ, 2020 డిసెంబరులో మార్కెట్లోకి వచ్చింది. కనోలా నూనె మీద సూక్ష్మజీవుల్ని పెంచి వాటి నుంచి ప్లాస్టిక్ తీసేది. చాలా అందమైన సైన్సు. 2021 ఫిబ్రవరిలో షేరు 60 డాలర్లు దాటింది. ఆ మరుసటి నెలలోనే, వాళ్ళు చెప్పినంత సులభంగా ఆ సరుకు కుళ్ళదని పత్రికలో కథనం వచ్చింది. ఈలోపు అప్పులు తెచ్చి ఫ్యాక్టరీ పెద్దది చేశారు, ఆర్డర్లు అంత వేగంగా రాలేదు. షేరు ధర బాగా పడిపోవడంతో 2024 నవంబరులో నలభై షేర్లని ఒకటి చేశారు. 2025 మార్చిలో దివాలా పిటిషన్. సరుకు మాత్రం అబద్ధం కాదు, జనం ఆ స్ట్రాలతో తాగారు కూడా.

ఇది చెప్పగానే చిత్తూరు నుంచి వచ్చే మా మామిడి రైతు మావ ఒకాయన, ఆరోజు ఊరికే టీకి కూర్చున్నవాడు, తల ఊపాడు. మా తోతాపురి కథే కదా ఇది అన్నాడు. 2025 సీజన్ మీకు గుర్తుండే ఉంటుంది. చిత్తూరు జిల్లాలో పల్పు ఫ్యాక్టరీలకి కొదవ లేదు. కానీ పాత పల్పు అమ్ముడుపోక డ్రమ్ముల్లో నిలిచిపోయింది, ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరాయి. ఫ్యాక్టరీలు కిలోకి 8 రూపాయలు, పైన ప్రభుత్వం 4 రూపాయలు ఇవ్వాలని చెప్పాల్సి వచ్చింది. "ఫ్యాక్టరీ సైజు జూసి తోట నాటినోడు మునుగుతాడబ్బోడా, పల్పు ఎవుడు కొంటాండాడో జూడాల" అన్నాడు మావ. ఆయనకి షేర్లు కొనడానికి కావలసిన డీమ్యాట్ ఖాతా కూడా లేదు.

పల్పు డ్రమ్ము అంటే ఇంకోటి గుర్తొచ్చింది. ఆ డ్రమ్ము లోపల పల్పు పోసేది అసెప్టిక్ బ్యాగులో. గాలి చొరబడకుండా పొరలు పొరలుగా వేసిన ప్లాస్టిక్ అది. దాన్ని మొక్కజొన్న కవరు ఇప్పట్లో మార్చలేదు. గాలి, తేమ ఆపడంలోనే వీటి బలహీనత. ఆహార ప్యాకింగ్ అంతా మా మార్కెట్టే అని ప్రెజెంటేషన్‌లో పెద్ద గుండ్రటి బొమ్మ గీస్తారు చూడండి, ఆ గుండ్రంలో ఎంత ముక్క నిజంగా వీళ్ళకి అందుతుందో అడగాలి.

వార్షిక నివేదికలో నేను చూసిన సంగతులు రెండే చెబుతాను, మిగతావి మీకు విసుగు. ఒకటి, అమ్మకాలు పెరిగాయి గానీ రావలసిన బాకీలు అంతకన్నా వేగంగా పెరిగాయి. సరుకు వెళ్ళింది, డబ్బు రాలేదు. బ్యాంకు సార్ దీన్ని ఒక్క చూపులో పట్టేశారు, ముప్పై ఐదేళ్ళు లోన్లు ఇచ్చిన కళ్ళు. రెండోది, డబ్బు కోసం కంపెనీ మళ్ళీ మళ్ళీ కొత్త షేర్లు ఇస్తోంది. లడ్డూ ఒకటే, నలుగురం పంచుకుందామని కూర్చున్నాం. మధ్యలో ఇద్దరొచ్చి చేరారు. ఊరికే రాలేదు, డబ్బిచ్చే వచ్చారు, కానీ మనకన్నా తక్కువ ఇచ్చారు. లడ్డూ పెద్దదవుతుందని చెబుతున్నారు. బూంది ఇంకా వేగలేదు.

ముడి సరుకు కూడా చూడాలి. మొక్కజొన్న అంటాం గానీ ఈ కవర్లలో ఎక్కువ భాగం పీబీఏటీ అనే కుళ్ళే ప్లాస్టిక్ రకం, దాని తయారీలో చైనాదే పెద్ద చెయ్యి. డాలరు పెరిగితే మన మార్జిన్ తగ్గుతుంది. బలరాంపూర్ చీనీ మిల్స్ చెరకు నుంచి పీఎల్ఏ అనే కుళ్ళే ప్లాస్టిక్ తీసే పెద్ద ప్లాంటు ఉత్తరప్రదేశ్‌లో పెడుతున్నామని 2024లో ప్రకటించింది. అలాంటి వాళ్ళు వస్తే ముడి సరుకు ఇక్కడే దొరుకుతుంది, మన చిన్న కంపెనీకి లాభమే కావచ్చు. లేకపోతే ఆ పెద్దవాళ్ళే కవర్లు కూడా అమ్మొచ్చు. తమ్ముడు మొదటిది నమ్ముతాడు, సార్ రెండోది.

నేనేం చేశానంటారా? సగం అమ్మాను. సగం, అంటే మొదట చెప్పిన ఆ మూడు వందలు, ఉంచాను, ఎందుకంటే ఉంచితేనే ఏజీఎం అనే వాటాదారుల వార్షిక సమావేశంలో మాట్లాడే హక్కు ఉంటుంది. ఏజీఎం ఇప్పుడు వీడియోలోనే పెడుతున్నారు. స్పీకర్‌గా పేరు ఇచ్చి మెయిల్ పంపాను, మూడు నిమిషాలు ఇస్తామన్నారు. ఎంఓయూ గురించి అడగను. పోయినేడాది కొన్న కస్టమర్లలో ఈ ఏడాది మళ్ళీ కొన్నవాళ్ళు ఎంతమంది, ఆ అంకె ఒక్కటే అడుగుతాను. ఆరోజు బ్యాంకు సార్ మా ఇంటికొచ్చి పక్కనే కూర్చుంటానన్నారు, పోయినసారి మూడు నిమిషాలూ మ్యూట్‌లోనే మాట్లాడానని.