కొట్టిన దెబ్బ తగలకపోతే తప్పు ఎక్కడుంది? సిటీ ఆఫ్ హీరోస్ ఆడేవాళ్ల కోసం

[తెర మీద: అట్లాస్ పార్క్. భూగోళం మోస్తున్న పెద్ద విగ్రహం. దాని ముందు నిలబడిన మంటల బ్లాస్టర్.]

నమస్తే. ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి మాట్లాడుతున్నాను.

పోయిన నెల గుణుపురం నుంచి మా బావ ఫోన్ చేశాడు. మేనమామ కొడుకు. సిటీ ఆఫ్ హీరోస్ అనే ఆన్‌లైన్ సూపర్‌హీరో ఆటలో బ్లాస్టర్, అంటే దూరం నుంచి కొట్టే హీరోగా ఆడతాడు, లెవెల్ 32. "ఏట్రా ఈ ఆట! ఎదురుగా నిలబడినోడిని కొడితే తగలట్లేదు. పరిగెడితే వెనక్కి లాగేస్తోంది. కంప్యూటర్ ముసలిదైపోయింది కాబోలు" అన్నాడు. అప్పటికే ఒక షాపులో చెప్పారని ర్యామ్ పెంచుకున్నాడు. డబ్బు పోయింది, రెండు బాధలూ అలాగే ఉన్నాయి.

ఆ రెండు బాధలూ ఒకటి కావు. మొదటిది ఆటలోని రూలు. రెండోది ఆయన ఇంట్లోని ఇనప బీరువా. బీరువా సంగతి తర్వాత చెబుతాను. మనవాళ్లు చాలామంది ఈ రెండింటినీ కలిపి "ల్యాగ్", అంటే నెట్ ఆలస్యం, అనేసి ఊరుకుంటారు. ఏది ఏదో విడదీసుకుంటే చాలాసార్లు రూపాయి ఖర్చు లేకుండా పని అయిపోతుంది. నాకు తెలిసినంతవరకు ఈ ఆట గురించి తెలుగులో విడమరిచి చెప్పినవాళ్లు తక్కువ. మాట్లాడే భాషలోనే పాఠం చెప్పాలని గిడుగు రామమూర్తి గారు పట్టుబట్టింది మా ఊళ్లో మాస్టారుగా ఉన్న రోజుల్లోనే. అందుకని ఈ లెక్కలు కూడా మనం మాట్లాడుకునే తెలుగులోనే చెప్పుకుందాం.

కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు. ఈ ఆట 2004 ఏప్రిల్ 28న మొదలైంది. 2012 నవంబర్ 30న సర్వర్లు ఆపేశారు. 2019లో అభిమానులు సొంత సర్వర్ల మీద మళ్లీ నిలబెట్టారు. వాటిలో హోమ్‌కమింగ్ అనే దానికి 2024 జనవరిలో ఆట హక్కులున్న కంపెనీ ఎన్‌సీసాఫ్ట్ లైసెన్స్ ఇచ్చింది. ఆడటానికి డబ్బు కట్టక్కర్లేదు, విరాళాల మీద నడుస్తుంది. నేను చెప్పేదంతా హోమ్‌కమింగ్ గురించే.

[తెర మీద: చాట్ పెట్టె దగ్గరగా. కంబాట్ ట్యాబ్ తెరుచుకుంటుంది.]

ముందు దెబ్బ తగలకపోవడం సంగతి. చాట్ పెట్టెలో కంబాట్ అనే ట్యాబ్ ఉంటుంది, నొక్కండి. హిట్ రోల్స్, అంటే దెబ్బ తగిలిందో లేదో తేల్చే అంకెలు, కనబడకపోతే ట్యాబ్ మీద రైట్ క్లిక్ చేసి ఆ ఛానెల్ చేర్చుకోండి. ఇప్పుడు ఎవరినైనా కొట్టండి. మీ పవర్ పేరు, తగిలే చాన్స్ ఎంత, పడిన అంకె ఎంత, అన్నీ ఒకే వరుసలో వస్తాయి. బావ చేత ఇదే చేయించాను. మొదటి వరుస ఇలా వచ్చింది: చాన్స్ 56.00, పడిన అంకె 71.38. తప్పింది. తర్వాతది చాన్స్ 56.00, పడిన అంకె 12.05. తగిలింది.

ఒక కుండలో 1 నుంచి 100 దాకా అంకెలు రాసిన చీటీలు ఉన్నాయనుకోండి. మీరు పవర్ నొక్కిన క్షణంలోనే సర్వర్ ఒక చీటీ తీస్తుంది. చీటీ మీది అంకె మీ చాన్స్ లోపు ఉంటే తగిలినట్టు, దాటితే తప్పినట్టు. నిప్పు ముద్ద గాల్లో ఎగురుతూ వెళ్లడమంతా ఆ తర్వాత మనకు చూపించే బొమ్మ. అందుకే ఒక్కోసారి శత్రువు గోడ చాటుకి వెళ్లిపోయినా నిప్పు మలుపు తిరిగి వెళ్లి మరీ తగులుతుంది. కళ్లముందు కదలకుండా నిలబడినవాడికి తగలకుండా పోతుంది కూడా. అక్కడ నెట్ పాత్ర ఏమీ లేదు.

మరి 56 ఎందుకొచ్చింది? మన లెవెల్ శత్రువు మీద ఎవరికైనా మూల చాన్స్ 75. ఒక లెవెల్ పైవాడి మీద 65, రెండు లెవెళ్లు పైవాడి మీద 56, మూడు పైన 48, నాలుగు పైన 39. బావ తొందరగా లెవెల్ ఎక్కాలని మిషన్లను రెండు లెవెళ్లు పైన పెట్టుకున్నాడు. పైగా "మొదట్లో బాగానే తగిలేవి, ఇప్పుడే పాడైంది" అంటాడు. ఆ మాట నిజమే. లెవెల్ 20 లోపు ఆటే కొత్తవాళ్లకు కొంత చాన్స్ కలిపి ఇస్తుంది, ఎక్కేకొద్దీ తగ్గించుకుంటూ వస్తుంది. అందుకే 20 దాటినవాళ్లలో చాలామందికి హఠాత్తుగా చెయ్యి తిరగడం మానేసినట్టు అనిపిస్తుంది.

[తెర మీద: ఎన్‌హాన్స్‌మెంట్ తెర. ఫైర్ బ్లాస్ట్ పక్కన ఆరు స్లాట్లు. ఆరింటిలోనూ ఒకే రంగు గుర్తు.]

ఇది బావ వాడే ఫైర్ బ్లాస్ట్ అనే పవర్. దాన్ని పెంచే ఎన్‌హాన్స్‌మెంట్లు పెట్టుకోవడానికి ఆరు స్లాట్లు. ఆరింటిలోనూ డ్యామేజ్! ఒక్కోటి 33 శాతం పెంచుతుంది కదా, ఆరు పెడితే 200 శాతం అనుకున్నాడు. చూడగానే ఎవరైనా అలాగే అనుకుంటారు. కానీ 2005లోనే ఆటలో ఒక రూలు పెట్టారు. ఒకే రకం పెంపు 70 శాతం దాకా పూర్తిగా వస్తుంది. అక్కడి నుంచి కోత మొదలై, 100 దాటాక నూటికి పదిహేను మాత్రమే చేతికొస్తుంది. మూడు పెడితే 95 శాతం పెంపు. ఆరు పెడితే 110. అంటే చివరి మూడు స్లాట్లూ కలిసి తెచ్చింది 15 శాతం!

కాగితం మీద ఇద్దరం లెక్క వేశాం. మామూలు దెబ్బ 100 అనుకుందాం. బావ పద్ధతిలో దెబ్బ 210. కానీ నూటికి 56 సార్లే తగులుతుంది. సగటున 118. ఇప్పుడు మూడు డ్యామేజ్, తగిలే చాన్స్ పెంచే యాక్యురసీ రెండు పెడితే? దెబ్బ 195కి దిగుతుంది, తగిలే చాన్స్ 93కి లేస్తుంది. సగటున 181. ఒకటిన్నర రెట్లు, పైగా ఒక స్లాట్ ఇంకా ఖాళీ. దాంట్లో రీచార్జ్ పెట్టుకుంటే పవర్ త్వరగా మళ్లీ చేతికొస్తుంది. పాతవాటిలో మూడింటి మీద కొత్తవి పెట్టేశాం. అదే రోజు రాత్రి బావ గొంతులో టెన్షన్ పోయింది.

ఒక మాట గుర్తుపెట్టుకోండి. ఎంత యాక్యురసీ పెట్టినా 95కి మించదు. నూటికి ఐదు సార్లు తప్పి తీరుతుంది. అలాగని వరసగా తప్పుతూ పోనివ్వరు. మీ చాన్స్ 90 పైన ఉంటే, ఒకసారి తప్పాక తర్వాతది తగలాల్సిందే. ఆటలో దీన్ని స్ట్రీక్ బ్రేకర్ అంటారు. మీకు 95 చాన్స్ ఉంది, వరసగా నాలుగు తప్పాయి అనిపిస్తే కంబాట్ ట్యాబ్ చూడండి. దాదాపు ఎప్పుడూ అక్కడ 95 ఉండదు, ఎవరో మీ చాన్స్ తగ్గించి ఉంటారు.

[తెర మీద: కత్తులు, డాళ్లతో సిమెరోరన్ సైనికులు. మధ్యలో ఒంటరిగా స్క్రాపర్.]

ఇది నా స్క్రాపర్, అంటే దగ్గరికి వెళ్లి కొట్టే హీరో. ఇప్పుడు మనల్ని కొట్టేవాళ్ల వైపు లెక్క చూద్దాం. మామూలు శత్రువుకి మనల్ని తగిలే మూల చాన్స్ 50. మన డిఫెన్స్‌ని, అంటే దెబ్బ తప్పించుకునే అంకెని, అందులోంచి నేరుగా తీసేస్తారు. డిఫెన్స్ 45 ఉంటే మిగిలేది 5. అంతకంటే కిందికి పోదు, అందుకే అందరూ ఆ 45 కోసం తాపత్రయపడతారు.

ఇక్కడ ఒక విషయం నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. డిఫెన్స్ 40 ఉన్నప్పుడు నూటికి 10 దెబ్బలు తింటాం. 45 ఉంటే 5. కేవలం ఐదు పెరిగితే తినే దెబ్బలు సగమైపోయాయి! సున్నా నుంచి ఐదుకి పెరిగినప్పుడు మాత్రం 50 దెబ్బలు 45 అవుతాయి, అంతే. కాబట్టి 38 దగ్గర ఆపేసి "డిఫెన్స్ పనిచెయ్యట్లేదు" అనుకునేవాళ్లు గట్టు దగ్గర ఆగిపోయినట్టే.

ఇదే లెక్క తిరగబడితే ఘోరంగా ఉంటుంది. ఈ సైనికుల కత్తి దెబ్బ తగిలితే మన డిఫెన్స్ కాసేపు తగ్గుతుంది. 45 కాస్తా 40 అయితే వచ్చే దెబ్బలు రెట్టింపు. అవి తగిలి ఇంకా తగ్గితే ఇంకా ఎక్కువ. ప్రాణం ఎంతుందో చూపించే పచ్చగీత నిండుగా ఉన్నది కాస్తా నాలుగు సెకన్లలో ఖాళీ. నేను కూడా మొదటిసారి రౌటర్ కట్టేసి మళ్లీ వేశాను, నెట్ ఆగి ఒకేసారి దెబ్బలన్నీ పడ్డాయనుకుని. కంబాట్ అట్రిబ్యూట్స్ తెరలో డిఫెన్స్ మీద రైట్ క్లిక్ చేసి మానిటర్ పెట్టుకోండి. అంకె ఎప్పుడూ తెర మీదే ఉంటుంది. అది జారుతుంటే డిఫెన్స్ కాసేపు పెంచే ఇన్‌స్పిరేషన్ (ఆటలో దొరికే మాత్ర లాంటిది) ఒకటి వేసుకోండి, లేదా వెనక్కి తగ్గండి.

[తెర మీద: సూపర్ స్పీడ్‌లో పరుగు. హీరో హఠాత్తుగా పది గజాలు వెనక ప్రత్యక్షం.]

ఇదీ అసలైన ల్యాగ్. మన హీరో ఎక్కడున్నాడన్నది మన కంప్యూటర్ ఊహించి బొమ్మ చూపిస్తుంది, కానీ చివరి మాట సర్వర్‌దే. మధ్యలో సమాచారం పోతే, అది తిరిగి అందగానే సర్వర్ చెప్పిన చోటికి లాగేస్తుంది. పూర్తిగా తెగితే మ్యాప్‌సర్వర్‌తో కనెక్షన్ పోయిందని రాస్తుంది.

దూరం వల్ల వచ్చే ఆలస్యం ఎలాగూ ఉంటుంది. ఫైబర్‌లో కాంతి సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. మనకీ జర్మనీకీ ఏడు వేల కిలోమీటర్ల పైమాటే. వెళ్లి రావడానికి ఎంత తక్కువేసుకున్నా 70 మిల్లీసెకన్లు కావాలి. తీగలు తిన్నగా పోవు కాబట్టి నిజంగా పట్టేది దానికి రెట్టింపు పైనే. అమెరికా ఇంకా దూరం. అందుకని మనవాళ్లకి నా సలహా యూరప్‌లోని రీయూనియన్ సర్వర్. జనం తక్కువుంటారు, అది ఒప్పుకుంటాను. పెద్ద గుంపులతో ఆడాలని ఉంటే ఉత్తర అమెరికా సర్వర్లలో ఆడినా ఫరవాలేదు. ఆలస్యం నిలకడగా ఉంటే చెయ్యి దానికి అలవాటు పడిపోతుంది. ప్రాణం తీసేది నిలకడ లేకపోవడమే.

ఆ నిలకడ చూడటానికి చాట్‌లో ఇంగ్లీషు అక్షరాలతో స్లాష్ కొట్టి, నెట్‌గ్రాఫ్ అని కలిపి రాసి, ఖాళీ వదిలి 1 కొట్టండి. మూలన చిన్న గ్రాఫ్ వస్తుంది. అలాగే స్లాష్ షోఎఫ్‌పీఎస్ 1 కొడితే సెకనుకి ఎన్ని బొమ్మలు గీస్తోందో చూపిస్తుంది. కుదుపు వచ్చిన క్షణంలో ఈ రెండింటినీ చూడండి. గ్రాఫ్ ఎగిరి, బొమ్మల సంఖ్య మామూలుగా ఉంటే నెట్. గ్రాఫ్ మామూలుగా ఉండి, సంఖ్య పడిపోతే కంప్యూటర్. రెండూ బాగుండి దెబ్బ తప్పితే, ఇందాకటి కుండలో చీటీ.

బావకి గ్రాఫ్ ఎగిరింది. నెట్ అనగానే కంపెనీవాళ్లను తిట్టడం మనకి అలవాటు, కానీ ముందు ఇల్లు చూడాలి. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పింగ్ (జవాబు ఎంతసేపట్లో వస్తుందో కొలిచే కమాండ్) అని ఇంగ్లీషులో రాసి, రౌటర్ అడ్రస్ కొట్టించాను. చాలా ఇళ్లలో అది 192.168.1.1 అయి ఉంటుంది. గదికీ గదికీ మధ్య దూరం కదా, రెండు మూడు మిల్లీసెకన్లు రావాలి. బావకి 3, 4, 180, 5, 240, తర్వాత జవాబే లేదు. తప్పు ఇంట్లోనే ఉందని తేలిపోయింది.

[తెర మీద: చేత్తో గీసిన ఇంటి పటం. హాల్లో రౌటర్, గోడ, బీరువా, మంచం, లాప్‌టాప్.]

వీడియో కాల్‌లో ఇల్లంతా చూపించాడు. రౌటర్ హాల్లో టీవీ వెనక. గోడకి ఇవతల, సరిగ్గా లాప్‌టాప్‌కీ రౌటర్‌కీ మధ్య, అత్తయ్య పెళ్లినాటి ఇనప బీరువా. నిలువెత్తు రేకు. వైఫైకి అంతకంటే అడ్డం ఏముంటుంది? బీరువా జరపడానికి అత్తయ్య ఒప్పుకోలేదు, ఆ చోటు వాస్తు చూసి పెట్టిందట. రౌటర్‌నే టీవీ వెనక నుంచి తీసి, గుమ్మం పైన చెక్క మీదకి ఎక్కించాడు. మళ్లీ పింగ్. 3, 3, 4, 3. కుదిరితే తీగ వేసుకోవడం అన్నిటికన్నా మేలు. వర్షాకాలంలో కరెంటు మిణుకు మిణుకుమన్నప్పుడల్లా రౌటర్ ఆగి మొదలవుతుంటే, రౌటర్‌కి మాత్రమే పెట్టే చిన్న యూపీఎస్ దొరుకుతుంది. నేను అదే వాడుతున్నాను.

కంప్యూటర్ తప్పయితే ఎక్కువ చెప్పేదేం లేదు. ఆట బొమ్మలు గీయడానికి ఓపెన్‌జీఎల్ అనే పద్ధతి మీద నడుస్తుంది, కాబట్టి గ్రాఫిక్స్ డ్రైవర్ కొత్తదో కాదో చూసుకోండి. రెండు గ్రాఫిక్స్ చిప్పులున్న లాప్‌టాప్ అయితే బలమైనదాన్ని ఈ ఆటకి కేటాయించండి. అల్ట్రా మోడ్ అనే మెరుగైన గ్రాఫిక్స్ సెట్టింగుల్లో నీడలు, నీళ్లలో ప్రతిబింబాలు ముందుగా తీసేయండి, అవే ఎక్కువ తింటాయి. ఆట తెరుచుకోవడమే మానేస్తే లాంచర్‌లో ఫైళ్లు సరిచూసే బటన్ ఉంది, సేఫ్ మోడ్ ఉంది. అరగంట బాగా ఆడి ఆ తర్వాతే మందగిస్తుంటే అది వేడి. వేసవిలో మన దగ్గర గదులు ఎలా ఉంటాయో తెలిసిందే. ఫ్యాన్‌లో దుమ్ము దులిపించండి.

ఇంకొక్కటి. ఇది సరిహద్దులో ఉండేవాళ్లకే. ఫోన్ హాట్‌స్పాట్ మీద ఆడుతుంటే, నాకు రాత్రి తొమ్మిదికో పదికో ఉన్నట్టుండి కనెక్షన్ తెగిపోయేది. సిగ్నల్ నిండుగానే ఉండేది. ఫోన్ చూస్తే రోమింగ్ గుర్తు. మా పెరటి కిటికీ పాతపట్నం వైపు ఉంటుంది. అక్కడ పెట్టిన ఫోన్ ఒడిశా టవర్ వదిలి ఆంధ్రా టవర్ పట్టుకుంటోంది. టెలికాం లెక్కలో రెండూ వేరువేరు సర్కిళ్లు. అటు నుంచి ఇటు మారగానే ఫోన్‌కి కొత్త నెట్ అడ్రస్ వస్తుంది, పాత అడ్రస్‌తో మాట్లాడుతున్న సర్వర్‌కి మనం మాయమైపోయినట్టే. వీడియోలు చూసేటప్పుడు ఇది పెద్దగా తెలియదు, ఆటకి మాత్రం ప్రాణాంతకం. పాతపట్నంలోనో మందసలోనో ఉన్నవాళ్లకి ఇదే తిరగేసి జరగొచ్చు. ఫోన్‌ని ఊరి వైపు గదిలోకి మార్చాను. అప్పటి నుంచి తెగలేదు.

[తెర మీద: కంబాట్ ట్యాబ్. బావ ఫైర్ బ్లాస్ట్, చాన్స్ 93.33, పడిన అంకె 41.60.]