రక్తం ఇచ్చినవాళ్లకు రిపోర్టు ఎవరిస్తారు?

(శ్రీకాకుళం స్టూడియోలో జరిగిన చర్చలో కొంత భాగం. పాల్గొన్నవారు: కిడ్నీ వైద్యుడు, న్యాయవాది, పశువైద్యురాలు, కవిటి మండలానికి చెందిన ఆశా కార్యకర్త.)

సంధానకర్త: మన జిల్లాలోని ఉద్దానం పల్లెల్లో ఎంతోమందికి వస్తున్న కిడ్నీ జబ్బుపై ఏళ్ల తరబడి పరిశోధనలు సాగుతున్నాయి. 2023 డిసెంబరులో పలాసలో పరిశోధన కేంద్రమే వచ్చింది. ఊళ్లలో మాత్రం విసుగు కనిపిస్తోంది. ఎందుకమ్మా?

ఆశా కార్యకర్త: రక్తం తీస్తారు, మూత్రం పట్టుకుంటారు, బోరు నీళ్లు సీసాల్లో నింపుకుని వెళ్తారు. తరువాత కబురుండదు. ఆ ఇళ్లకు రోజూ వెళ్లేది నేను కదండీ, "మా రిపోర్టు ఏదమ్మా?" అని నన్నే నిలదీస్తారు.

వైద్యుడు: వాళ్లు అడగడం న్యాయమే. సర్వేలో ప్రతి అంకె ఇంటికి పంపడం కష్టం. కానీ కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే క్రియాటినిన్ రక్తంలో ఎక్కువని తేలితే ఆ మనిషికి చెప్పి తీరాలి. అక్కడ నాకు రెండో మాట లేదు.

న్యాయవాది: చెప్పకపోతే అడిగేదెవరు? అసలు గొడవ అదే. 2009లో ఖమ్మం జిల్లాలో గిరిజన బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకునే హెచ్‌పీవీ టీకా వేసి అధ్యయనం చేశారు. తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టిన ఫారాలు బయటపడ్డాయి. 2010లో ఆపేశారు, 2013లో పార్లమెంటరీ స్థాయీసంఘం గట్టిగా తప్పుపట్టింది. టీకా మంచిదా కాదా అన్నది వేరే సంగతి. అడగకుండా వేయడమే నేరం.

సంధానకర్త: ఇప్పుడు నిబంధనలు మారాయి కదా?

న్యాయవాది: మారాయి. కొత్త మందుల ప్రయోగాలపై వచ్చిన 2019 నిబంధనల ప్రకారం, పరిశోధనకు అనుమతి ఇచ్చే నైతిక సంఘంలో (ఎథిక్స్ కమిటీలో) కనీసం ఏడుగురుండాలి, కనీసం సగం మంది ఆ సంస్థకు బయటివారు కావాలి, సంఘంలో వైద్యంతో సంబంధం లేని సామాన్యుడూ ఉండాలి. మందు ప్రయోగంలో హాని జరిగితే పరిహారం ఇవ్వాలి. రక్తం తీసే సర్వేలకూ నైతిక సంఘం అనుమతి తప్పనిసరే. కానీ మందుల ప్రయోగాలపై ఉన్న నిఘా వీటిమీద లేదు.

సంధానకర్త: మనుషుల జోలికి వెళ్లకుండా, ఆ నీళ్లు ఎలుకలకు పట్టించి చూడకూడదా అని ఒక ప్రేక్షకుడు అడుగుతున్నారు.

పశువైద్యురాలు: పట్టించవచ్చు, అయితే ఇష్టమొచ్చినట్టు కాదు. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం కింద జంతువులపై ప్రయోగాలను పర్యవేక్షించే కేంద్ర కమిటీ ఉంది. ప్రయోగశాల అక్కడ నమోదు కావాలి. జంతువు లేకుండా కుదరదా, తక్కువ జంతువులతో సరిపోదా, బాధ తగ్గించలేమా అన్న ప్రశ్నలకు ముందే జవాబు చెప్పాలి. మరో సంగతి: ఎలుక బతికేది రెండు మూడేళ్లు. జీడితోటలో ముప్పై ఏళ్లు ఎండకు పనిచేసిన మనిషి కథ అది చెప్పలేదు. కొంతే చెబుతుంది.

వైద్యుడు: అందుకే ఊళ్లకు రాక తప్పదు. కారణం ఇంకా తేలలేదు.

ఆశా కార్యకర్త: అయితే పోయినసారి తీసిన రక్తంతోనే చూడరాదా డాక్టరు గారూ?

వైద్యుడు: నిల్వ ఉంటే చూడవచ్చు. కానీ కొత్త పనికి వాడతామని ఆనాటి అనుమతి పత్రంలో ఉండాలి. లేకపోతే మళ్లీ అడగాలి, లేదా నైతిక సంఘం మినహాయింపు ఇవ్వాలి.

ఆశా కార్యకర్త: ఆ పత్రంలో ఏముందో మాకెలా తెలుస్తుందండీ? మా దగ్గర నకలు కూడా లేదు.

న్యాయవాది: నకలు మీకు ఇవ్వాల్సిందేనమ్మా, అదీ తెలుగులో. ఈసారి అది చేతికొచ్చాకే సూది వేయనివ్వండి.